ఎంబీపీఎస్ నుంచి మెగాబైట్లకు: దేనితో భాగించాలి?

100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) లైను మీద పెద్ద ఫైలు డౌన్‌లోడ్ చేస్తుంటే తెర మీద అంకె సెకనుకు 11 ఎంబీ (మెగాబైట్లు) దగ్గరే ఆడుతుంటుంది. లైనులో లోపమేమీ లేదు. రెండు అంకెలూ వేర్వేరు కొలతల్లో ఉన్నాయి, అంతే. ఒకదాన్నుంచి రెండోదానికి వెళ్లడానికి ఒక్క భాగహారం చాలు. చిక్కల్లా దేనితో భాగించాలన్న దగ్గరే: 8తోనా, 8.4తోనా, 9తోనా, 10తోనా? నాలుగూ సరైనవే, కాకపోతే ఒక్కోటి ఒక్కో చోట. అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోకుండా లెక్క మొదలుపెడితే క్యాలిక్యులేటర్ ఎంత బాగా నొక్కినా పప్పులో కాలేసినట్టే.

ముందు అంకె పక్కన ఏముందో చదవండి

బైటుకు 8 బిట్లు. ఇంగ్లీషు పొట్టి గుర్తుల్లో స్మాల్ బీ ఉంటే బిట్, క్యాపిటల్ బీ ఉంటే బైట్. ఆ ఒక్క అక్షరం పెద్దదా చిన్నదా అన్నదాని మీద జవాబు ఎనిమిది రెట్లు మారిపోతుంది. తెలుగులో ‘ఎంబీ’ అని రాస్తే ఆ తేడా కనబడదు కాబట్టి లెక్కల దగ్గర మెగాబిట్, మెగాబైట్ అని పూర్తిగా రాసుకోవడం మేలు. ఇక్కడా అలాగే రాస్తున్నాం.

అక్షరాన్ని నమ్మలేని చోట సందర్భాన్ని బట్టి పోల్చుకోండి. ఇంటర్నెట్ ప్లాన్లు, రూటర్లు, స్విచ్‌లు, వై-ఫై, స్పీడ్ టెస్టులు, వీడియో బిట్‌రేటు: ఇవన్నీ బిట్లలోనే ఉంటాయి. ఫైలు కాపీ కిటికీ, డౌన్‌లోడ్ మేనేజరు, హార్డ్ డిస్క్, ఎస్ఎస్‌డీ, మెమరీ కార్డు: ఇవి బైట్లలో. యూఎస్‌బీ, సాటా (కంప్యూటర్ లోపల డిస్కును కలిపేది) లాంటి కేబుళ్ల ప్రమాణాలు మళ్లీ బిట్లలోకి వస్తాయి.

ఈ పద్ధతికి ఎదురుతిరిగే వాళ్లూ ఉన్నారు. లైనక్స్‌లో ట్రాఫిక్‌కి హద్దు పెట్టే టీసీ కమాండుకి ‘ఎంబీపీఎస్’ అని ఇస్తే అది సెకనుకు మెగాబైట్లుగా తీసుకుంటుంది. మెగాబిట్లు కావాలంటే ‘ఎంబిట్’ అని రాయాలి. 20 మెగాబిట్లకు కట్టడి చేద్దామని ‘20 ఎంబీపీఎస్’ అని కొడితే 160 మెగాబిట్లకు తలుపు తెరిచినట్టవుతుంది. హద్దు పెట్టినా పనిచేయడం లేదన్న ఫిర్యాదు ఎదురైతే ముందు చూడాల్సింది ఇదే.

వెయ్యా, 1024 ఆ?

రెండో ప్రశ్న ఉపసర్గ గురించి. మన అంకెల్లో చెప్పుకుంటే కిలో అంటే వెయ్యి, మెగా అంటే పది లక్షలు, గిగా అంటే వంద కోట్లు, టెరా అంటే లక్ష కోట్లు. నెట్‌వర్క్ వేగం విషయంలో ఎప్పుడూ ఇదే అర్థం. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు కచ్చితంగా 10 కోట్ల బిట్లు. అక్కడ 1024తో గుణించే పని లేదు.

తికమకంతా బైట్ల దగ్గర. కంప్యూటర్ జ్ఞాపకశక్తి 2, 4, 8, 16 ఇలా రెట్టింపవుతూ పెరుగుతుంది కాబట్టి 1024 బైట్లనే కిలోబైట్ అనడం అలవాటైంది. దీన్ని విడదీయడానికి అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో కిబి, మెబి, గిబి అనే వేరే ఉపసర్గలు తెచ్చింది. 1024 బైట్లయితే కిబిబైట్, 10,48,576 బైట్లయితే మెబిబైట్, 107,37,41,824 బైట్లయితే గిబిబైట్. పేర్లు కాస్త విచిత్రంగా వినిపించినా లెక్కలో మాత్రం ప్రాణం నిలబెడతాయి.

అందరూ వాటిని వాడితే ఈ గొడవే ఉండేది కాదు. విండోస్ 1024తో లెక్క కట్టి, పక్కన మాత్రం పాత పేరే వేస్తుంది. అక్కడ ‘112 ఎంబీ’ అని కనిపిస్తే అవి నిజానికి మెబిబైట్లు. మ్యాక్ 2009లో వచ్చిన 10.6 నుంచి ఫైళ్లను వెయ్యితోనే లెక్కిస్తోంది. డిస్కులు, ఎస్ఎస్‌డీలు తయారు చేసేవాళ్లూ వెయ్యే వాడతారు.

నెట్‌వర్క్ వేగం కొలవడానికి చాలామంది వాడే ఐపెర్ఫ్3ది ఇంకో తీరు. ఒకే వరసలో రెండు పద్ధతులూ కలిపేస్తుంది. గిగాబిట్ లైను మీద 10 సెకన్ల పరీక్షలో సాధారణంగా కనిపించే వరస ఇలా ఉంటుంది: బదిలీ 1.10 గిగాబైట్లు, వేగం 941 మెగాబిట్లు. చేత్తో సరిచూద్దామని 1.10ని 8తో హెచ్చవేసి 10తో భాగిస్తే 0.88 గిగాబిట్, అంటే 880 మెగాబిట్లు వస్తాయి. 941 రాదు. కారణం, బదిలీ అంకె 1024 పద్ధతిలో, వేగం అంకె 1000 పద్ధతిలో ఉండటం. 1.10ని 1.0737తో హెచ్చవేసి మళ్లీ చేయండి: 945 వస్తుంది. మిగిలిన నాలుగు 1.10 అని సవరించి చూపడం వల్ల వచ్చిన తేడా.

ఈ రెండు పద్ధతుల మధ్య ఎడం ఉపసర్గ పెరిగేకొద్దీ పెరుగుతుంది. కిలో దగ్గర 2.4 శాతం, మెగా దగ్గర 4.9, గిగా దగ్గర 7.4, టెరా దగ్గర దాదాపు 10 శాతం. పాత మోడెముల రోజుల్లో పట్టించుకోకపోయినా గడిచింది. టెరాబైట్ల బ్యాకప్‌లో అలా వదిలేస్తే గంటల తేడా వస్తుంది.

లెక్క కట్టే పద్ధతి

ఏ కొలత నుంచి ఏ కొలతకైనా దారి ఒక్కటే. నేరుగా దూకకండి; మధ్యలో ఉపసర్గలు లేని మామూలు అంకె దగ్గర ఆగండి.

1. ఇచ్చిన అంకెని ఉపసర్గ తీసేసి విప్పండి. మెగా అయితే 10,00,000తో, మెబి అయితే 10,48,576తో హెచ్చవేయాలి.
2. బిట్ల నుంచి బైట్లకు వెళ్తుంటే 8తో భాగించండి. బైట్ల నుంచి బిట్లకు వస్తుంటే 8తో హెచ్చవేయండి.
3. వచ్చిన దాన్ని కావలసిన ఉపసర్గతో భాగించండి.

2.5 గిగాబిట్ స్విచ్ పోర్టు సెకనుకు ఎన్ని మెబిబైట్లు? 250 కోట్ల బిట్లు. 8తో భాగిస్తే 31,25,00,000 బైట్లు. దాన్ని 10,48,576తో భాగిస్తే 298. అదే మెగాబైట్లలో అయితే 312.5. ఒకే వేగం, రెండు అంకెలు.

వెనక్కి ఒకటి. విండోస్ కాపీ కిటికీలో సెకనుకు 37 అని ఉంది. లైను మీద ఎన్ని మెగాబిట్లు నడుస్తున్నాయి? 37ని 10,48,576తో హెచ్చవేస్తే 3,87,97,312 బైట్లు. ఎనిమిది రెట్లు చేస్తే 31,03,78,496 బిట్లు, అంటే 310.4 మెగాబిట్లు. 37ని ఊరికే 8తో హెచ్చవేసి ఉంటే 296 దగ్గర ఆగేవాళ్లం.

నోటి లెక్కకు 8తో భాగించడం కష్టమనిపిస్తే మూడుసార్లు సగం చేయండి: 300, 150, 75, 37.5. హెచ్చవేతకైతే మూడుసార్లు రెట్టింపు. మెగాబిట్ల నుంచి నేరుగా మెబిబైట్లు కావాలంటే 8.4తో భాగించండి. అసలు అంకె 8.388608, నోటి లెక్కకు 8.4 బాగా సరిపోతుంది.

ఆన్‌లైన్ కన్వర్టరు వాడేవాళ్లు ముందు దాన్ని ఒకసారి పరీక్షించాలి. సెకనుకు 1 మెగాబైట్ ఇచ్చి మెగాబిట్లు అడగండి. 8 వస్తే వెయ్యి పద్ధతి. 8.388608 వస్తే అది బైట్ల వైపు 1024 తీసుకుంటోంది. అలాగే 1 గిగాబిట్ ఇచ్చి మెగాబిట్లు అడిగినప్పుడు 1024 అని చెప్పే కన్వర్టర్లు కూడా ఉంటాయి. వాటిని నెట్‌వర్క్ పనికి పక్కన పెట్టేయండి.

కాగితం మీద 12.5, తెర మీద 11.2 ఎందుకు?

100 మెగాబిట్లను 8తో భాగిస్తే 12.5 మెగాబైట్లు. మెబిబైట్లలో 11.92. కానీ తెర మీద అదీ రాదు, 11.2 దగ్గర ఆగుతుంది. ఇక్కడ కన్వర్షన్ అయిపోయింది, తరుగు మొదలైంది.

ఈథర్నెట్ (కేబుల్ నెట్‌వర్క్) మీద డేటా ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. మామూలు అమరికలో ఒక్కో ముక్క 1500 బైట్లు. అందులో ఐపీ హెడరుకు 20, టీసీపీ హెడరుకు 20 పోతాయి (హెడరు అంటే ముక్క ఎక్కడికి, ఏ వరసలో చేరాలో చెప్పే చీటీ). టీసీపీ టైమ్‌స్టాంపులు ఆన్‌లో ఉంటే ఇంకో 12. మన ఫైలుకు దక్కేది 1448. పైగా ఆ 1500కి బయట ఈథర్నెట్ హెడరు 14, చెక్‌సమ్ 4, ముందు వచ్చే గుర్తు బిట్లు 8 బైట్లు, రెండు ముక్కల మధ్య ఖాళీ 12 బైట్లంత. మొత్తం తీగ మీద 1538 బైట్ల చోటు. 1448ని 1538తో భాగిస్తే 94.1 శాతం. ఐపెర్ఫ్3లో కనిపించిన 941 అంకె పుట్టింది ఇక్కడే. టైమ్‌స్టాంపులు లేకపోతే 949 దాకా వస్తుంది. ఐపీవీ6 హెడరు 40 బైట్లు కాబట్టి అక్కడ 928కి దిగుతుంది. ముక్క సైజు 9000కి పెంచిన జంబో ఫ్రేములతో 99 శాతం అందుతుంది, కానీ దారిలోని ప్రతి పరికరమూ ఒప్పుకోవాలి.

ఇప్పుడు 8.4ను 0.941తో భాగించండి: 8.9 చిల్లర. అందుకే ఫైలు కాపీలో నిజంగా కనిపించబోయే అంకె కావాలంటే మెగాబిట్లను 9తో భాగించండి. 100కి 11, 1000కి 111, 2500కి 278. విండోస్ చూపించే అంకెకు ఇది దాదాపుగా అతుకుతుంది.

తీగకు మాత్రమే ఈ లెక్క. వై-ఫైలో తెర మీద కనిపించే 866 మెగాబిట్ల లింక్ రేటు రేడియో వేగం. గాలిలో అందరూ వంతులు వేసుకోవాలి, ప్రతి ముక్కకూ రసీదు రావాలి. సగం దక్కితే సంతోషించాల్సిందే. దానికి 9 సూత్రం వేయకండి.

ఈ తరుగు లెక్క రోగనిర్ధారణకూ పనికొస్తుంది. ప్లాన్ 300 మెగాబిట్లది, స్పీడ్ టెస్టు మాత్రం ఎన్నిసార్లు చేసినా 93, 94 దగ్గరే గడ్డకట్టినట్టు నిలుస్తోందనుకోండి. అది 100 మెగాబిట్ లింకు ముద్ర. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్‌కి రెండు జతలు చాలు. ఒక్క తీగ విరిగినా, క్రింపింగ్ (కేబుల్ కొసన ప్లగ్ బిగింపు) సరిగా లేకపోయినా రెండు వైపులా మౌనంగా 100కి దిగిపోతాయి. ప్లాన్ గురించి ఫోన్ చేసే ముందు కేబుల్ మార్చి చూడండి. కంప్యూటర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ స్టేటస్ తెరిస్తే లింక్ వేగం 100 అనో 1000 అనో నేరుగా కనిపిస్తుంది.

10తో భాగించే చోట్లు

పరికరాలకు బిట్ల వెంట బిట్లుగా డేటా పంపే సీరియల్ పోర్టు దగ్గర బైటుకు 8 బిట్లు కాదు, 10. మామూలుగా వాడే 8ఎన్1 అమరికలో ప్రతి బైటు ముందు ఒక స్టార్ట్ బిట్, వెనక ఒక స్టాప్ బిట్ వెళ్తాయి. అందువల్ల 9600 బాడ్ (ఇక్కడ సెకనుకు 9600 బిట్లు) అంటే సెకనుకు 960 బైట్లు; 1,15,200 అంటే 11,520 బైట్లు. 8తో భాగించి 14,400 వస్తుందనుకుని బఫర్ సైజు, టైమ్‌అవుట్ పెట్టుకుంటే ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు మధ్యలో తెగిపోతుంది. ప్యారిటీ బిట్ (తప్పు పట్టే అదనపు బిట్) కూడా పెడితే 11తో భాగించాలి.

సాటా, యూఎస్‌బీ 3.0లదీ అదే లెక్క, కారణం వేరు. తీగ మీద సున్నాలు, ఒకట్లు సమంగా ఉండేలా ప్రతి 8 బిట్లనూ 10 బిట్లుగా మార్చి పంపుతాయి. 6 గిగాబిట్ సాటా సెకనుకు 600 మెగాబైట్లు, 750 కాదు. 5 గిగాబిట్ యూఎస్‌బీ 500, 625 కాదు. వీటిమీద ప్రోటోకాల్ తరుగు ఇంకా ఉంటుంది. 10 గిగాబిట్ యూఎస్‌బీలో 128 బిట్లకు 132 మాత్రమే వెళ్తాయి కాబట్టి 8తో భాగించి మూడు శాతం తీస్తే చాలు, 1212 మెగాబైట్లు వస్తుంది. ఎస్ఎస్‌డీ లాంటివి పెట్టే మదర్‌బోర్డు స్లాటు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0లో ఒక్కో లేనుకు (డేటా దారికి) 985, నాలుగు లేన్లకు 3938. ఎస్ఎస్‌డీ డబ్బా మీద 3500 అని ఎందుకు ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ స్లాటు అంతకు మించి పెద్దగా ఇవ్వలేదు.

గిగాబిట్ ఈథర్నెట్‌కి మాత్రం ఈ కోత వేయకూడదు. అక్కడ బిట్లను ఇలా మార్చి పంపే (ఎన్‌కోడింగ్) తరుగు పోను మిగిలిన వేగాన్నే 1000 మెగాబిట్లని చెబుతారు. ఇక్కడ 10తో భాగిస్తే ఒకే తరుగును రెండుసార్లు తీసినట్టు.

ఎంతసేపు పడుతుంది?

చివరికి అందరికీ కావాల్సింది ఇదే. ఫైలు సైజుని బిట్లలోకి మార్చి, వేగంతో భాగిస్తే సెకన్లు వస్తాయి. విండోస్‌లో 30 జీబీ అని కనిపిస్తున్న ఫోల్డరు, 100 మెగాబిట్ల లైను తీసుకుందాం.

30 × 107,37,41,824 = 3221,22,54,720 బైట్లు. 8తో హెచ్చవేసి 10 కోట్లతో భాగిస్తే 2577 సెకన్లు, అంటే 43 నిమిషాలు. తరుగు కోసం 0.941తో భాగిస్తే 2739 సెకన్లు, సుమారు 46 నిమిషాలు. 1024 మరచిపోయి, తరుగూ తీయకపోతే 40 నిమిషాలని చెప్పేవాళ్లం. బిట్, బైట్ కలిపేస్తే 5 నిమిషాలే అనుకునేవాళ్లం. ఫోల్డరులో పెద్ద ఫైళ్లు కొన్నే ఉంటే 46 నిలబడుతుంది. లక్ష చిన్న ఫైళ్లుంటే ఏ సూత్రమూ నిలబడదు. ప్రతి ఫైలు తెరవడానికి, మూయడానికి పట్టే సమయమే అసలు డేటాను మించిపోతుంది. అలాంటప్పుడు ముందు ఒకే ఆర్కైవ్‌గా కట్టి పంపడం మంచిది.

ఎదురు దిశలో: 500 గిగాబైట్ల బ్యాకప్ 8 గంటల్లో అయిపోవాలి. 4 లక్షల కోట్ల బిట్లను 28,800 సెకన్లతో భాగిస్తే 139 మెగాబిట్లు. తరుగు కలిపితే 148. అంటే 100 మెగాబిట్ పోర్టుతో పని జరగదు, లింకు గిగాబిట్‌లో ఉండాలి. ఇంటర్నెట్ మీదుగా పంపేదైతే చూడాల్సింది అప్‌లోడ్ వేగం. చాలా ప్లాన్లలో డౌన్‌లోడ్‌దే పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

ఆగకుండా నడిచే ప్రవాహాలకు ఒక్క అంకె గుర్తుంటే చాలు: 1 మెగాబిట్ రోజంతా నడిస్తే 10.8 గిగాబైట్లు, గంటకైతే 450 మెగాబైట్లు. 4 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే కెమెరాలు నాలుగున్నాయనుకోండి. మొత్తం 16 మెగాబిట్లు, రోజుకు 172.8 గిగాబైట్లు. 2 టెరాబైట్ల డిస్కు పదకొండున్నర రోజులకు నిండుతుంది. ఇక్కడ డిస్కూ వెయ్యి పద్ధతే, బిట్‌రేటూ వెయ్యి పద్ధతే కాబట్టి 1024ను దగ్గరికి రానివ్వకండి.

కార్డులు, డిస్కుల మీద గుర్తులు

మెమరీ కార్డు మీద క్లాస్ 10 గానీ యూ1 గానీ ఉంటే రాసేటప్పుడు సెకనుకు కనీసం 10 మెగాబైట్లు. యూ3, వీ30 అయితే 30. కెమెరా మెనూ మాత్రం మెగాబిట్లలో మాట్లాడుతుంది. 100 మెగాబిట్ల వీడియో అంటే 12.5 మెగాబైట్లు. యూ1 హామీ దానికి చాలదు, వీ30 కావాలి. కార్డు ముందువైపు పెద్దగా వేసే అంకె ఎక్కువగా చదివే వేగం, రికార్డింగుకి సంబంధం లేదు. ఆప్టికల్ డిస్కుల ‘ఎక్స్’ లెక్కలో ఎక్స్ విలువ ఒక్కో రకానికి ఒక్కోటి: సీడీకి సెకనుకు 150 కిబిబైట్లు, డీవీడీకి 1.385 మెగాబైట్లు, బ్లూరేకి 4.5 మెగాబైట్లు. అందుకే 16 ఎక్స్ డీవీడీ దాదాపు 22 మెగాబైట్లు ఇస్తే, 52 ఎక్స్ సీడీ 8 దగ్గరే ఆగుతుంది.

వేగానికి హద్దు పెట్టేటప్పుడు

బ్యాకప్‌కు 20 మెగాబిట్లు మాత్రమే వదలాలనుకుంటే ఆర్‌సింక్, కర్ల్, ఎస్‌సీపీ లాంటి ఫైళ్లు పంపే కమాండ్లలో ప్రతిదానికీ దాని భాషలో చెప్పాలి. ఆర్‌సింక్ ‘బీడబ్ల్యూలిమిట్’కి అక్షరమేమీ జోడించకుండా అంకె ఇస్తే 1024 బైట్ల కట్టలుగా తీసుకుంటుంది. 2 కోట్లను 8తో, తర్వాత 1024తో భాగించి 2441 ఇవ్వండి. కర్ల్ ‘లిమిట్-రేట్’కి అంకె బైట్లలో కావాలి, 25,00,000. ఎస్‌సీపీ ‘ఎల్’ ఆప్షన్ కిలోబిట్లు అడుగుతుంది, 20000. అంకె పెట్టాక ఒక నిమిషం పాటు నడవనిచ్చి, లింకు మీద వేగాన్ని టాస్క్ మేనేజరులోనో రూటరు పేజీలోనో చూడండి. ఎనిమిది రెట్లు తేడా కనిపిస్తే బిట్, బైట్ తారుమారయ్యాయి. ఐదారు శాతం ఎక్కువ కనిపిస్తే కంగారు పడకండి, ఆ హద్దు ఫైలు డేటాకే; హెడర్లు దాని మీద అదనంగా నడుస్తాయి.